ఒకే అంచు చీరలు

“పసుపులో ఎన్ని రకాలున్నాయర్రా? వంటకొకటి, ఒంటికొకటి, గడపకొకటి. పటానిక్కూడా ఒకటుంటుందని నాకివాళే తెలిసింది,” అంది మహాలక్ష్మమ్మ, గంగాళం ముందు పీట వేసుకుని కూర్చుంటూ.

ఎవరూ నవ్వలేదు.

గంగాళంలో పసుపు కలిపి అప్పటికి గంట దాటింది. పక్కనే ఇంకో పీటమీద మడత విప్పని తెల్ల ఉప్పాడ చీర ఉంది. అది సత్యకుమారిది. ఆ చీరని ఆ నీళ్ళలో ముంచాలా వద్దా అన్న సంగతి తేలక, వికారినామ సంవత్సరపు దసరా పండగపూట ఆ ఇంట్లో గారెలు చల్లారిపోతున్నాయి.

పెద్దకొడుకు పల్లంరాజు మండువాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నల్లకోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని, పైపంచె భుజాన వేసుకుని ఫొటో పటానికి సిద్ధంగా ఉన్నాడు. ముఖం మాత్రం ఎవరినో సాగనంపడానికి సిద్ధమైనట్టుంది.

“అమ్మా, ఆ అమ్మాయితో చెప్పు. అబ్బులు పోయి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అప్పుడే మరిచిపోయేపాటివాడా వాడు?”

ఆ అమ్మాయి ఎక్కడో లేదు. వంటింటి తలుపు వెనకాలే ఉంది. అబ్బులు భార్య సత్యకుమారి ఆ ఇంటికి కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళలో ఆమె బావగారి ఎదటపడలేదు, ఆయనతో ఒక్కమాట నేరుగా మాట్లాడలేదు. తమ్ముడి భార్య అలాగే ఉండాలి. ఆ ఊళ్ళో పరువుగల ఇళ్ళన్నింటిలోనూ అదే పద్ధతి. అందుకని ఆయన చెప్పేదీ మహాలక్ష్మమ్మకే, ఈమె చెప్పేదీ మహాలక్ష్మమ్మకే. మధ్యన ఉన్నది ఒక తలుపుచెక్క. ఒకరి మాట ఇంకొకరికి పొల్లుపోకుండా వినపడేది. అయినా పద్ధతి పద్ధతే కదా!

“అత్తయ్యగారూ, నేను మరిచిపోలేదని చెప్పండి. మరిచిపోయింది నా కూతురని చెప్పండి,” అంది తలుపు వెనకాల గొంతు.

“విన్నావుగా,” అంది మహాలక్ష్మమ్మ కొడుకుతో.

“ఏంటమ్మా వినేది?”

“మొన్న పాపాయి నన్నడిగిందండి, నాన్నకి మీసం ఉండేదా అని. ఉండేదన్నాను. ఎలా ఉండేదంది. నేనేం చూపించనండి? ఆయన పటం ఒక్కటైనా ఉందా ఈ ఇంట్లో? రేపు నాకేదైనా అయితే, మా అమ్మ పొడుగా పొట్టా, నలుపా తెలుపా అని అది ఎవర్నడుగుతుందండి? నేను ఆ పటంలో ఉండాలి. నా మొహం నా మొహంలాగే ఉండాలి. అంతకంటే నాకేం వద్దని చెప్పండి.”

పల్లంరాజు తలపాగా తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

“పటంలో వద్దని నేనన్నానా? శుభ్రంగా నిలబడమన్నాను. తెల్లచీరతో నిలబడమన్నాను.”

ఇక్కడ చంద్రరావు దగ్గాడు. పటం తీసే చంద్రరావు పొద్దున్నే రాజమండ్రి నుంచి కాలవ పడవలో దిగాడు. దిగినప్పుడు అతనికి పెద్ద మర్యాద జరిగింది. ఆత్రేయపురం పూతరేకులు పెట్టారు. ఈ తెల్లచీర సంగతి నోరుజారి చెప్పినప్పటినుంచి మాత్రం మంచినీళ్ళు కూడా అడిగి తాగాల్సి వస్తోంది.

“తెల్లచీరతో నిలబడితే ఆవిడ నిలబడినట్టే ఉండదండి,” అన్నాడు. “మా పెట్టెకి తెలుపంటే చెడ్డ ఆశండి. తక్కినవాళ్ళంతా ముదురురంగులూ, ఆవిడొక్కరూ తెల్లచీరా అయితే, మధ్యలో సున్నంకొట్టిన గోడ ఉన్నట్టుంటుందండి. మొహం కూడా ఆ తెలుపులోనే కలిసిపోతుంది. లేత పసుపునీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు, కుదురుగా బూడిదరంగులో వస్తుందండి. అది పసుపని పటం చూసినవాళ్ళకెవరికీ తెలీదండి.”

“నాకు తెలుస్తుంది,” అన్నాడు పల్లంరాజు.

“పోనీ ఇంకో రంగేదైనా...”

“బొగ్గునీళ్ళలో ముంచండి.”

“పండగపూట బొగ్గునీళ్ళట!” అంది మహాలక్ష్మమ్మ. “నీ నోరు మండా! ఇంట్లో ఉన్న అశుభం చాలక కొత్తది తెస్తావుట్రా?”

అసలు ఈ పటం ఆవిడ ముచ్చటే. ఇంటిల్లిపాదికీ బట్టలు ఎంచింది కూడా ఆవిడే. శ్రావణమాసంలోనే ఉప్పాడ కబురుపెట్టింది. పెద్దకోడలు బుల్లెమ్మకి ఎర్రచీర, పాపాయికి ఆకుపచ్చ పరికిణీ, తనకి రెండు తెల్లచీరలు, సత్యకుమారికి ఒక తెల్లచీర. రంగులు ఎవరివి వారివే గాని అంచు మాత్రం అన్నింటికీ ఒక్కటే, రెండువేళ్ళ వెడల్పు ఆకుపచ్చ అంచు. “అంచు చూస్తే ఒక ఇంటివాళ్ళని తెలియాలి,” అంది. మొగుడు పోయినవాళ్ళ చీరకి ఆ అంచేమిటమ్మా అని నేతగాడు నసిగితే, “నేస్తావా, ఇంకో మగ్గం చూసుకోనా?” అంది. అతను నేశాడు. మహాలక్ష్మమ్మ ఇంకో మగ్గం చూసుకోగలదని అతనికి తెలుసు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి అంతా వింటున్న బుల్లెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఈవిడ పల్లంరాజు భార్య. మాట తక్కువ మనిషి. మాట్లాడితే మాత్రం తన సంగతే మాట్లాడుతుంది.

“ఏవండీ పటం తీసే బాబుగారూ, మరి నా ఎర్రచీర ఎలా వస్తుందండి?”

చంద్రరావు ఇంటికప్పు కేసి చూశాడు. ఒకసారి నిజం చెప్పి పడ్డ అవస్థ అతనికి చాలు. అబద్ధం చెబితే పటం చూశాక ఇంకా అవస్థ.

“నల్లగా వస్తుందండి,” అన్నాడు నెమ్మదిగా.

“నల్లగానా!”

“ఎరుపంటే మా పెట్టెకి కనపడదండి.”

“ముత్తైదువని పట్టుకుని, పండగనాడు, నల్లచీర కట్టించి గోడకి వేలాడేస్తారుటండీ? ఏవండీ, వింటున్నారా?” అంది బుల్లెమ్మ భర్తకేసి తిరిగి.

పల్లంరాజు వినడం లేదు. పీటమీది తెల్లచీర వైపే చూస్తున్నాడు. అతను మాట్లాడినప్పుడు గొంతులో ఇందాకటి జోరు లేదు.

“అమ్మా, ఈ పటంలో తమ్ముడు లేడు. ఇకమీదట ఏ పటంలోనూ ఉండడు. వాడొకడు ఉండేవాడనీ, పోయాడనీ చెప్పేది ఆ తెల్లచీర ఒక్కటే. దానిక్కూడా పసుపు పులిమేస్తే, నువ్వు కన్నది నన్నొక్కణ్ణే అనుకుంటారు చూసినవాళ్ళు. సున్నం గోడలాగే ఉండనీ. ఏమిటా గోడని అడుగుతారుగా! అడిగినప్పుడు చెబుదాం.”

పల్లంరాజు ఒట్టి మొండివాడని ఇంతవరకు అనుకున్న వాళ్ళు కొంచెం ఆగాలి. అబ్బులుకి కలరా సోకిన రోజున డాక్టరు కోసం ఏటికి ఎదురుగా రాజమండ్రి దాకా పడవ వేసుకువెళ్ళింది అతనే. డాక్టర్ని తీసుకునే వచ్చాడు. అప్పటికి డాక్టరు చెయ్యాల్సిన పని ఏమీ మిగల్లేదు. ఆనాటినుంచి తమ్ముడి పేరు అతని నోట వచ్చింది ఇవాళే.

   

ఎండ తగ్గితే పటం రాదన్న సంగతి చంద్రరావుకి గుర్తొచ్చింది. చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మహాలక్ష్మమ్మ మోకాళ్ళమీద చేతులు వేసి లేచింది. తన గదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో మడత విప్పిన తెల్లచీర ఉంది. ఆకుపచ్చ అంచు చీర, తన చీర. వచ్చి మళ్ళీ పీటమీద కూర్చుని, చీరని కొంగువైపు నుంచి పసుపునీళ్ళలోకి దించింది.

“అమ్మా! అదేం పని?” పల్లంరాజు స్తంభాన్ని వదిలేసి వచ్చాడు.

“నాదీ తెల్లచీరే కదరా. నేను మాత్రం గోడలా ఎందుకుండాలి?”

“నువ్వు కూడానా?”

“మీ నాన్న పోయి పన్నెండేళ్ళు. ఈ చేతులకి పసుపు తగిలి పన్నెండేళ్ళు. ఆయన నా చీరలో ఉన్నాడని నేనేనాడూ అనుకోలేదురా పెద్దోడా. నా నోట్లో ఉన్నాడు. నేను నిన్ను తిట్టే తిట్లన్నీ ఆయనవే.”

చీర మొత్తం నీళ్ళలోకి దిగింది. ఆవిడ రెండుచేతులతో దాన్ని తిప్పి తిప్పి తడిపింది. మోచేతుల దాకా పసుపయింది. ఆ చేతులు పైకెత్తి చూసుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఏడుస్తుందేమోనని బుల్లెమ్మ దగ్గరికి రాబోయింది.

“నాసిరకం పసుపు,” అంది మహాలక్ష్మమ్మ. “ఎవరే తెచ్చింది?”

“మా పుట్టింటివాళ్ళు పంపారండి,” అంది బుల్లెమ్మ.

“అనుకున్నాను.”

మామూలు రోజయితే ఈ మాటకి బుల్లెమ్మ మూడుపూటలు అన్నం మానేసేది. ఇవాళ ఆ తీరిక లేదు.

“అత్తయ్యగారూ, మీ రెండో తెల్లచీర నాకిప్పించండి. నేనూ ముంచుకుంటాను.”

“బుల్లెమ్మా!” అన్నాడు పల్లంరాజు.

“మీరూరుకోండి. మీరు హాయిగా నల్లకోటు వేసుకున్నారు, మగవాళ్ళకి చెల్లుతుంది. అందరూ ఒక రంగులో ఉంటే నేనొక్కదాన్ని నల్లచీరతో నిలబడనా? పసుపు బట్టేమైనా కొత్తా నాకు? పెళ్ళిలో మధుపర్కాలు కట్టుకోలేదూ మీరూ నేనూ?”

ఆవిడకి న్యాయం అన్యాయం పట్టలేదు. నల్లచీర తప్పించుకోవడం ఒక్కటే పట్టింది. లోకంలో మంచిపనులు కొన్ని ఇలాగే జరుగుతుంటాయి. రెండో తెల్లచీర కూడా గంగాళంలోకి వెళ్ళింది.

మూడోది పీటమీద అలాగే ఉంది.

“సత్యా,” అని పిలిచింది మహాలక్ష్మమ్మ. “నీ చీర నేను ముంచను. నేను ముంచితే, మా అత్తగారు ముంచింది నేను కట్టుకున్నాను అంటావు. ఎవరి చీర వాళ్ళే ముంచుకోవాలి. రావాలంటే రా.”

తలుపు తెరుచుకుంది. సత్యకుమారి పాత నేతచీర కొంగు తలమీదికి లాక్కుని మండువాలోకి వచ్చింది. ఆమె రావడం చూసి పల్లంరాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కోపంలోనైనా పద్ధతి తప్పని మనిషి అతను.

ఆమె చీరని రెండుచేతులతో ఎత్తింది. ఒక క్షణం ఆగింది. ముంచేసింది.

నీళ్ళు చల్లగా తగిలాయి. పసుపు వాసన ముక్కుకి తగిలింది. సత్యకుమారికి సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గు వేసింది. సిగ్గుపడినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. చీరని గట్టిగా పిండి, విదిలించి, ఎండలో తాడుమీద తక్కిన రెండింటి పక్కన ఆరేసింది. మూడూ ఒకే పసుపు, ఒకే అంచు. ఏది ఎవరిదో చెప్పడం కష్టం.

పల్లంరాజు కోటు గుండీలు విప్పాడు.

“అయితే నన్ను మినహాయించి తీసుకోండి పటం,” అన్నాడు.

“సరే. ఆ కోటు మడతపెట్టు, నలిగిపోతుంది,” అంది తల్లి.

తను లేకుండా ఈ ఇంట్లో పటమేమిటని ఆవిడ అంటుందనుకున్నాడు. బతిమాలుతుందనుకున్నాడు. ఆవిడ చీరలు ఆరాయో లేదో చూడ్డానికి వెళ్ళిపోయింది.

*

పొద్దు పడమటికి దిగకముందే వాకిట్లో కుర్చీలు వేశారు. మధ్యకుర్చీలో మహాలక్ష్మమ్మ కూర్చుంది. ఆవిడకి ఒకపక్క బుల్లెమ్మ, ఒకపక్క సత్యకుమారి నిలబడ్డారు. పాపాయి మామ్మ మోకాలికి ఆనుకుంది. పల్లంరాజు కోసం వేసిన కుర్చీని తీసెయ్యనా అని చంద్రరావు అడిగితే, “ఉండనీ. వాడికి బుద్ధొస్తే కూర్చుంటాడు, రాకపోతే కుర్చీయే కూర్చుంటుంది,” అంది మహాలక్ష్మమ్మ.

చంద్రరావు నల్లగుడ్డలో తల దూర్చాడు. పాపాయి కిలకిల నవ్వింది.

“అమ్మా, ఆయన తల తినేసింది పెట్టె!”

“మాట్లాడకు తల్లీ.”

“ఐదు లెక్కపెడతానండి,” అని లోపలినుంచి చంద్రరావు. “అందరూ ఈ అద్దం కేసే చూడాలండి. అయిదూ అయ్యేదాకా కదలకూడదు. కదిలితే మొహానికి బదులు మసక వస్తుందండి.”

పల్లంరాజు సరిగ్గా పెట్టెకి వెనకాల, కొబ్బరిచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అద్దం కేసి చూడాలంటే అతని కేసి చూడాల్సిందే. తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి నీడ చూసి పక్కకి తప్పుకున్న సత్యకుమారి తల ఎత్తింది. కొంగు సర్దుకోలేదు.

“ఒకటీ,” అన్నాడు చంద్రరావు మూత తీసి.

పల్లంరాజు కూడా చూపు తిప్పుకోలేదు.

“రెండూ.”

గాలికి బుల్లెమ్మ కొంగు కదిలింది. బుల్లెమ్మ కదల్లేదు.

“మూడూ. నాలుగూ.”

పాపాయి మూతి బిగించింది. ఎడమబుగ్గ సొట్టపడింది.

“అయిదు! అయిపోయిందండి. దివ్యంగా వచ్చిందండి!”

ఎవరికివారు గట్టిగా ఊపిరి తీసుకున్నారు. బుల్లెమ్మ తన మొహం ఎలా పెట్టానో చెప్పమని అందర్నీ అడగడం మొదలుపెట్టింది. చంద్రరావు పెట్టె వెనకనుంచి పుస్తకమంత చెక్కతొడుగు ఒకటి బయటికి లాగి కుర్చీమీద పెట్టి, మూడుకాళ్ళ బల్ల మడవడానికి వంగాడు. లేచి చూసేసరికి ఆ చెక్కతొడుగు పల్లంరాజు చేతిలో ఉంది.

“ఇందులోనేనా పటం?”

“అందులోనేనండి. లోపల గాజుపలకండి. జాగ్రత్త బాబూ! ఆ పైచెక్క లాగకండి. రాజమండ్రిలో చీకటిగదిలో మందునీళ్ళు పోసేదాకా వెలుతురు సోకకూడదండి. సోకితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది.”

“పోతే మళ్ళీ తీస్తావుగా.”

“పలకలు లేవండి. పండగ రోజులు కదండీ, అన్నీ అయిపోయాయి. ఇదొక్కటే మిగిల్చి తెచ్చాను.”

చంద్రరావు ఆ మాట అనకుండా ఉండవలసింది. అన్నాక అతనికీ తెలిసింది.

పల్లంరాజు బొటనవేలు పైచెక్క అంచుమీద ఉంది.

“పల్లం, ఇటివ్వు,” అంది మహాలక్ష్మమ్మ. కుర్చీలోంచి లేవలేదు. గొంతు పెంచలేదు.

“ఇందులో అబ్బులు ఎక్కడున్నాడమ్మా?” అన్నాడు అతను. “చెప్పు, ఇచ్చేస్తాను. పసుపుచీరలు మూడున్నాయి. ఖాళీ కుర్చీ ఒకటుంది, అది నాది. వాడేడి?”

మహాలక్ష్మమ్మ నోరు తెరిచింది. వచ్చిన గొంతు ఆవిడది కాదు.

“పాపాయి కేసి చూడండి బావగారూ.”

బుల్లెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సత్యకుమారి తన చోటునుంచి ముందుకు వచ్చింది. తలమీద కొంగు జారింది, మళ్ళీ వేసుకోలేదు. 

“ఆ ముక్కు ఆయనదండి. మూతి బిగిస్తే ఎడమబుగ్గమీద సొట్ట పడుతుంది, అది ఆయనది. ఇందాక మూడూ నాలుగూ అన్నప్పుడు పాపాయి మూతి బిగించే ఉంది. మీరు ఎదురుగా నిలబడి చూశారు కూడా. ఆ చెక్క లాగితే మీ తమ్ముడికి నా తెల్లచీర ఒక్కటే మిగులుతుందండి. రేపటినుంచి మళ్ళీ కట్టుకుంటాను, చచ్చేదాకా కట్టుకుంటాను. కాని దానికి ముక్కూ మొహం లేవు. నా కూతురికి అది చూపించి ఇదే మీ నాన్న అని చెప్పలేను.”

పల్లంరాజు ఆమెని చూశాడు. తరవాత పాపాయిని చూశాడు. పెదనాన్న ఎందుకు అలా చూస్తున్నాడో తెలియక పాపాయి మామ్మ కొంగులో మొహం దాచుకుంది.

 పల్లంరాజు చెక్క లాగలేదు. తిరిగి ఇవ్వనూ లేదు. భుజాన ఉన్న పైపంచె తీసి పలకకి చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని గబగబా మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళిపోయాడు. లోపల గడియపడింది.

చంద్రరావు మెట్ల దాకా పరిగెత్తి వెనక్కి తిరిగాడు.

“అమ్మా, ఆ గదిలో చీకటుంటుందాండి?”

“చీకటెక్కడండి,” అంది బుల్లెమ్మ. “తూర్పున ఒక కిటికీ, పడమర ఒక కిటికీ. ఈ వేళప్పుడు ఎండంతా ఆ గదిలోనే ఉంటుంది. రెండూ పొద్దున నేనే తీశాను.”

“పైపంచె విప్పి, ఆ చెక్క రవ్వంత కదిపినా చాలండి,” అన్నాడు చంద్రరావు.

మహాలక్ష్మమ్మ లేవబోయింది. సత్యకుమారి ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. అత్తగారిని ఆమె అలా ఆపడం అదే మొదటిసారి. మహాలక్ష్మమ్మ ఆగింది.

సత్యకుమారి మెట్లెక్కి, ఎన్నడూ అడుగుపెట్టని ఆ గది గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టింది.

“బావగారూ, నేనండి. సత్యకుమారిని.”

లోపల అడుగుల చప్పుడయింది. ఒక కిటికీ మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆమె చెయ్యి తలుపుమీదే ఉంచి, రెండోదీ మూస్తే పటం దక్కినట్టేనని ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

అది వినిపించలేదు.